ఎడమ పక్క తలుపు

జూన్ 12, ఆదివారం పొద్దున

బావగారికి,

మీ బావమరిది రెండు చేతులూ జోడించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ చెల్లెలూ, పిల్లా కులాసా. మీరూ అక్కా కూడా కులాసాగా ఉన్నారని నాకు తెలుసు, నిన్న సాయంత్రమే మీ ఇంటి మెట్ల మీద కూర్చుని టీ తాగి వచ్చాను కదా. రెండు వీధుల అవతల ఉన్నవాడు ఉత్తరం రాయడమేమిటి, వీడికి మతి పోయిందా అని మీరు అనుకుంటారు. నాకూ అలాగే ఉంది. బడి మానేశాక నేను రాసిన పెద్ద రాత ఏదైనా ఉందంటే అది లారీల వెనకాల పెయింటు రాతే. ఇప్పుడు పెన్ను పట్టుకుంటే వేళ్ళు సుత్తి కోసం వెతుక్కుంటున్నాయి.

ఉత్తరం రాయమన్నది అక్క. ఎదురుగా కూర్చుని చెప్తాను అంటే ఒప్పుకోలేదు. నోటితో చెప్తే మీ బావ సగంలోనే పోనీలేరా అనేస్తారు, నువ్వు హమ్మయ్య అని లేచి వచ్చేస్తావు, మిగతా సగం మీ ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోతుంది, కాబట్టి కాగితం మీద పెట్టు అంది. కాగితానికి పోనీలే అని చెప్పలేరు కదా. అందుకని చివరిదాకా చదవండి బావా. మధ్యలో కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి కిటికీలోంచి చూడకండి. మీరు అలా చూస్తారని నాకు తెలుసు.

మొన్న బుధవారం మీరు పాత దుప్పట్లో చుట్టిన బోర్డు చంకలో పెట్టుకుని మా షెడ్డుకి వచ్చారు. డ్రైవింగ్ స్కూలు బోర్డు. పెద్దక్షరాలు ఉండనివ్వమని, కింద ఉన్న మీ పేరు మాత్రం చెరిపేసి, ఇన్నాళ్ళూ మీ కింద పనిచేసిన కుర్ర మాస్టారి పేరు రాయమని అన్నారు. వచ్చే వారం గురువారం సంతకాలు పెట్టి స్కూలు అతనికి ఇచ్చేస్తున్నానన్నారు. ఎందుకిప్పుడు అని నేనడిగితే, చూడకుండా బండి నడిపినవాడు చూడమని ఇంకొకళ్ళకి ఎలా చెప్తాడు అన్నారు. పెద్ద బాధగా కూడా అనలేదు. టైరులో గాలి తగ్గిందన్నట్టు అన్నారు. టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి మరీ వెళ్ళారు.

ఆ బోర్డు ఇంకా గోడకి ఆనించే ఉంది. మీ పేరు నేను ముట్టుకోలేదు. ముట్టుకోను కూడా.

మీ పాఠం ఈ ఊళ్ళో ఎవరికి తెలియదు? కూడలి వస్తే ఆగాలి. పూర్తిగా ఆగాలి. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ చూశాకే కదలాలి. రోడ్డు మీద పిట్ట కూడా లేకపోయినా సరే. మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు మీకు మెడ మాస్టారు అని పేరు పెట్టారు, ఎప్పటికైనా ఆయన మెడ మర ఊడి ఒళ్ళో పడుతుందని నవ్వుకునేవాళ్ళు. నేను కూడా నవ్వాను. అక్క ముందే నవ్వాను. ఆ పేరులో అప్పట్లో ముద్దుండేది. నాలుగేళ్ళ కిందట, ఆ రోజు తర్వాత, అదే పేరు జనం వేరే గొంతుతో అనడం మొదలుపెట్టారు. మీరు విననట్టే ఉండేవారు, కానీ విన్నారని నాకు తెలుసు.

ఆ రోజు సంగతి మీరు ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. ఒక్కసారి నన్ను చెప్పనివ్వండి, సరిగ్గా విన్నానో లేదో మీకే తెలుస్తుంది. అక్క కొత్త కళ్ళజోడు తెచ్చుకోవడానికి స్కూలు కారులో బయల్దేరారు. మీరు డ్రైవరు సీట్లో, అక్క ఎడమ పక్కన మీరు రోజూ కూర్చునే మాస్టారు సీట్లో. ఆ సీటు కింద కూడా బ్రేకు ఉంటుంది కాబట్టి ఇవాళ నేనే మీకు గురువుని అని అక్క వేళాకోళం చేసింది. ప్రింటింగ్ ప్రెస్సు దగ్గర కూడలిలో ఆగారు. ఎడమ నుంచి బ్రెడ్డు వ్యాను వస్తోంది. దూరంగా ఉంది, నెమ్మదిగా వస్తోంది, అటువైపు ఆగాల్సిన గీత ఉంది, వ్యాను ఇంకా నెమ్మదించింది. ఆగుతోందని మీరు కదిలారు. అది ఆగలేదు. వాడు చేతిలో కాగితం చూసుకుంటూ, ఏ షాపులో ఎన్ని దించాలో లెక్కపెట్టుకుంటూ, గీత మీదుగా అలాగే దొర్లుకుంటూ వచ్చి ఎడమ తలుపు నడిమధ్యలో తగిలాడు.

మీరు చెప్పింది ఇంతే. ఒక్క అక్షరం ఎప్పుడూ మారలేదు.

కానీ అక్క ఒంటి మీద జరిగింది ఈ మాటకి సరిపోలేదు. తుంటి ఎముక రెండు చోట్ల విరిగింది. ఎడమ వైపు పక్కటెముకలు నాలుగు పోయాయి. అందులో ఒకటి ఊపిరితిత్తిని గీరింది. కడుపులో ఎడమ పక్కన ప్లీహం అనేది ఒకటి ఉంటుందని నాకు తెలిసిందే ఆ రాత్రి, అది చిరిగిపోయింది తీసేస్తున్నామని వాళ్ళు వచ్చి చెప్పినప్పుడు. మీకేమో నుదుటి మీద మూడు కుట్లు. అవి కూడా అద్దం తగిలి కాదు, అక్క తల తగిలి. బెల్టు మనిషిని ముందుకి పోకుండా పట్టుకుంటుంది గానీ పక్కకి పోకుండా పట్టుకోలేదట, మీరు అటు విసురుగా పోయి ఆవిడ తలకి తగిలారట. మూడు కుట్ల మనిషి పదకొండు వారాలు మంచం మీద ఉన్న మనిషి పక్కన కూర్చుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారో మీరు అనుభవించారు.

వ్యాను వాడూ నెమ్మదిగానే వచ్చాను అన్నాడు. మీరూ వాడు నెమ్మదిగానే వచ్చాడు అన్నారు. ఇద్దరు డ్రైవర్లు ఒకే మాట చెప్పారంటే ఇద్దరూ అబద్ధం ఆడుతున్నారని లోకం తేల్చేసింది. నెమ్మదిగా వచ్చిన బండి ఒక మనిషిని ఇంత నుజ్జు చేస్తుందా అన్నారు. జోరుగానే వచ్చి ఉంటుంది, అంత జోరుగా వస్తున్న బండి మెడ మాస్టారికి కనపడలేదంటే ఆయన అటు చూడనే లేదు అన్నారు. పోలీసాయన తలుపు ఎంత లోపలికి పోయిందో కొలిచి అదే మాట మర్యాదగా రాశాడు. రాను రాను మీరు కూడా చూశాను అనడం మానేసి, చూశాననే అనుకున్నాను అనడం మొదలుపెట్టారు. ఆ మాట మొదటిసారి విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఎందుకో కింద రాస్తాను.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు నాతో వరండాలో మాట్లాడాడు. నేను బళ్ళ టింకరింగ్ చేస్తానని తెలిసి, మా వాడే అన్నట్టు చనువుగా మాట్లాడాడు. ఎదురుగా గుద్దుకుంటే మనిషికి ముందు బానెట్టు ఉంటుంది, ఇంజను ఉంటుంది, అవి నలిగి దెబ్బలో సగం తినేస్తాయి. పక్క నుంచి తగిలితే మనిషికీ అవతలి బండికీ మధ్య ఉండేది జానెడు తలుపే. ఆ తలుపు లోపలికి వచ్చి నేరుగా తుంటికి తగులుతుంది, ఆ పైన చెయ్యి ఆనించుకునే చోటు పక్కటెముకలకి తగులుతుంది. అందుకే తలుపు లోపల అడ్డంగా ఉక్కు కడ్డీ పెడతారు కదా, మీకు తెలియనిదేముంది, మరి మీ బావగారి బండిలో అది ఎలా లొంగిందో నాకు అర్థం కావడం లేదు, వ్యాను చాలా జోరుగా వచ్చి ఉండాలి అన్నాడు.

నేను అవునండీ అన్నాను. అవునండీ అని, నీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

బావా, ఆ తలుపులో కడ్డీ లేదు.

ఆ తలుపు బిగించింది నేనే. మీకు గుర్తుండే ఉంటుంది, అక్కకి దెబ్బ తగలడానికి అయిదు నెలల ముందు, మీ దగ్గర నేర్చుకుంటున్న పోస్టాఫీసు గుమాస్తా బండి ఎడమ తలుపుని గేటు స్తంభానికి రాసేశాడు. ఆ తలుపు పనికిరాదని పాత బళ్ళ దుకాణం నుంచి అదే రకం తలుపు ఇంకొకటి తెచ్చాను. తెచ్చినప్పుడు అద్దం, అద్దం దించే యంత్రం, తాళం అన్నీ ఉన్నాయి, బరువు తెలియలేదు. అవన్నీ విప్పేసి, రంగు వేసి ఆరబెట్టి, శనివారం బిగించడానికి ఎత్తితే చేతికి తేలిగ్గా వచ్చింది. ఇన్నేళ్ళ పనిలో చేతులు త్రాసు అయిపోతాయి. లోపల చెయ్యి పెట్టి తడిమాను. కడ్డీ ఉండాల్సిన చోట కోసేసిన రెండు మొదళ్ళు తగిలాయి. నాకంటే ముందు ఎవడో మహానుభావుడు వంగిన కడ్డీని సరిచేసే ఓపిక లేక కోసి పారేసి, పైన పుట్టీ పెట్టి అమ్ముకున్నాడు.

వాడిని ఎన్ని తిట్టానో. తిట్టి, ఇంకో పాత తలుపులోంచి కడ్డీ కోసి తెచ్చి బల్ల మీద పెట్టాను కూడా. కానీ అది వెల్డింగ్ చెయ్యాలంటే ఇంకో రోజున్నర పడుతుంది. సోమవారం మీ వాళ్ళకి డ్రైవింగ్ పరీక్ష, పదకొండు మంది. బండి సోమవారం పొద్దున్నే కావాలని మీరు రోజుకి రెండుసార్లు వచ్చి నా నెత్తిన కూర్చున్నారు. ఆ తొందరలో, ఇప్పటికి ఇచ్చేద్దాం, మళ్ళీ సర్వీసుకి వచ్చినప్పుడు పెడదాం అనుకున్నాను. తప్పు మీ మీదకి నెట్టడానికి చెప్పడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కడ్డీ లేని తలుపు వేస్తే డొల్లగా చప్పుడవుతుంది. ఇలా ఇస్తే మీరు పట్టేస్తారని లోపల షీటుకి మందంగా తారు అట్ట అతికించాను. దాంతో తలుపు వేస్తే ధప్ అని నిండుగా, పెద్ద కార్లలా పలికింది. మీరు రెండుమూడుసార్లు తీసి వేసి, ఆ చప్పుడు విని, మా బావమరిది చెయ్యి పడితే పాత బండి కూడా దొరబాబు అయిపోతుందని మీ వాళ్ళందరి ముందూ అన్నారు. మళ్ళీ సర్వీసుకి వచ్చింది, ఇంకోసారీ వచ్చింది. నేను ఆ తలుపు విప్పలేదు.

తర్వాత పోలీసులు గుద్దుకున్న బళ్ళు ఉంచే స్థలంలో ఆ కారుని చూడ్డానికి ఒక్కడినే వెళ్ళాను. తలుపు మధ్యలోంచి పుస్తకంలా మడతపడిపోయి ఉంది. కడ్డీ ఉన్న తలుపు అలా మడతపడదు. సొట్టపోతుంది, వంగుతుంది, కానీ మధ్యలోంచి అలా మడతపడదు. నాకు అక్కడే అర్థమైపోయింది. వ్యాను నెమ్మదిగానే వచ్చింది. మీరు చూశారు. మీరు చూసింది చూసినట్టే చెప్పారు. ఈ ఊళ్ళో ఆ మాట నిజమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను ఇంటికొచ్చి నోరు మూసుకుని పడుకున్నాను.

కడ్డీ ఉంటే ఏమీ అయ్యేది కాదని నేను అనను. ఆ మధ్య మా షెడ్డుకి వచ్చిన బీమా సర్వేయరుని, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. ఆ వేగానికి నలుగురిలో ముగ్గురు కమిలిన ఒంటితో, మహా అయితే ఒక పక్కటెముకతో బయటపడతారు, నాలుగోవాడి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేరు అన్నాడు. అక్క ఆ ముగ్గురిలో ఉండేదో నాలుగో మనిషి అయ్యేదో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేకుండా చేసింది నేనే.

ఈ నాలుగేళ్ళూ నేను ఏం చేశానో మీరు చూశారు. అక్క కుర్చీ ఎత్తు పెంచాను, స్నానాలగదిలో పట్టుకునే గొట్టం బిగించాను, మీ మెట్లకి రెండో పక్క కూడా పిట్టగోడ కట్టించాను. తమ్ముడంటే ఇలా ఉండాలని వీధి వీధంతా మెచ్చుకుంది. ఆ మెప్పు నాకు చెంపదెబ్బలా తగిలేది, కానీ కాదనలేదు. మీరు కారు మానేసి నడిచి వెళ్తుంటే, స్కూల్లో కూడా గోడ మీద గుర్తుల పటం ముందు నిలబడి పాఠం చెప్పడమే తప్ప స్టీరింగు పక్కన కూర్చోకపోతే, బావగారికి ధైర్యం పోయిందని అందరితో పాటు నేనూ తలూపాను.

బుధవారం మీరు బోర్డు పెట్టి వెళ్ళాక రెండు రోజులు ఆగాను. శుక్రవారం మీరు స్కూలుకి వెళ్ళే వేళ చూసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేల మీద కూర్చుని, పైన రాసిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, చిన్నప్పుడు కొట్టేది కదా. చేతిలో ఉన్న తువ్వాలు మడత పూర్తిచేసి, ఒక్కటే అడిగింది. అయితే ఆయన నిజంగా చూశారా అని.

చూశారక్కా అన్నాను.

అప్పుడు ఏడ్చింది బావా. తుంటి గురించి కాదు. ఈ నాలుగేళ్ళలో మీరు చూశానే అన్నప్పుడల్లా తను సర్లెండి అందట. పోట్లాడలేదట, నిలదీయలేదట, ఉత్తి సర్లెండి. మీకు మర్యాద చేస్తున్నాననుకుంటూ లోపల ఒక్కసారి కూడా నమ్మలేదట. పక్కనే కూర్చున్నదాన్ని, నేను అటు తలే తిప్పలేదు, కళ్ళజోడు రసీదు కోసం సంచీలో వెతుకుతున్నాను, నాకే తెలియనిదాన్ని పట్టుకుని ఆయన్ని అనుమానించాను అంది. నా కింద కూడా ఒక బ్రేకు ఉందన్న సంగతి మాత్రం ఎవ్వరూ అడగలేదు అంది. కళ్ళు తుడుచుకుని, అయితే ఆయన తొందరా నీ బద్ధకమూ కలిసి నా నడుము విరగ్గొట్టాయన్నమాట, మంచి బావా బావమరుదులే దొరికారు నాకు అని, నవ్వబోయి నవ్వలేక, మడత పెట్టిన తువ్వాలు తీసి నా మొహాన కొట్టింది. ఇక లేచి వెళ్ళి మీ బావకి ఉత్తరం రాయి అంది.

అందుకని ఇది. గురువారం సంతకం పెట్టకండి బావా. స్కూలు ఇచ్చెయ్యాలని మీకే అనిపిస్తే అది మీ ఇష్టం, వయసొచ్చిందనో విసుగొచ్చిందనో ఇచ్చెయ్యండి. చూడలేదనే కారణంతో మాత్రం ఇవ్వకండి. మీరు చూశారు. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ, మూడుసార్లూ చూశారు. ఈ మాట పోలీసాయనకి చెప్పమంటే చెప్తాను. ఈ కాగితం అచ్చు వేయించి ప్రెస్సు గోడకి అంటించమన్నా అంటిస్తాను. నన్ను మీ గడప తొక్కొద్దంటే తొక్కను. మీ చెల్లెల్నీ పిల్లనీ మాత్రం రానివ్వండి, వాళ్ళకి ఇంకా ఏమీ తెలియదు. ఈ ఉత్తరం మీకు చేరాక, మంగళవారం వాళ్ళకీ చెప్తాను.

బోర్డు మాత్రం మీ పేరుతోనే తిరిగి పంపిస్తున్నాను. దుమ్ము తుడిచాను, అంతే.

క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు. కాబట్టి అడగకుండానే ముగిస్తున్నాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఉత్తరం కవరులో పెట్టి అంటించేశాను బావా. మళ్ళీ చింపాను.

పైన మీరు తొందర పెట్టారని రాశాను. అది అబద్ధం. శనివారం మధ్యాహ్నం మీరు షెడ్డు గుమ్మంలోకి వచ్చి, పరీక్షలు వారం రోజులు వాయిదా పడ్డాయి, బండి నిదానంగా చూసి ఇవ్వరా అని చెప్పి వెళ్ళారు. మీకు గుర్తులేదు. నాకు ప్రతి రోజూ గుర్తుంది. కడ్డీ బల్ల మీద ఉంది, చేతిలో వారం ఉంది.

మీ బండిది ఆరేళ్ళు ఎండకి వెలిసిన లేత ఆకుపచ్చ. ఆ రంగు డబ్బాలో దొరకదు. ఏడుసార్లు కలిపాను, పొద్దుటి వెలుతురులో ఒకసారి, మధ్యాహ్నపు ఎండలో ఒకసారి పెట్టి చూసుకుంటూ. ఏడోసారి కుదిరింది. ఏది పాత తలుపో ఏది కొత్త తలుపో నేనే చెప్పలేనంతగా కుదిరింది. నా జన్మలో అలాంటి రంగు మళ్ళీ కలపలేదు. కడ్డీ వెల్డింగ్ చేస్తే ఆ వేడికి బయట రంగు పొక్కిపోతుంది. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాను. తర్వాత కడ్డీ పక్కన పెట్టేసి తారు అట్ట అతికించాను.

శుక్రవారం అక్కకి కూడా మీ తొందర అనే చెప్పాను. ఆవిడ ఇప్పుడు అదే నమ్ముతోంది. ఈ కాగితం మీరే ఆవిడకి చదివి వినిపించండి.